రూజ్‌వెల్ట్ ట్రస్టులన్నిటినీ కూల్చాడా? ఒక ప్రచారానికి ఖండన

అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ గురించిన ఒక కథనం కొంతకాలంగా తెలుగులో చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: 1901లో అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ గుత్తాధిపత్యాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చాడు, పెద్ద కంపెనీలంటే గిట్టక ట్రస్టులన్నిటినీ (ఒక్కో వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీల కూటములను) ముక్కలు చేశాడు, బొగ్గు గనుల యజమానుల మీదికి సైన్యాన్ని పంపి కార్మికులను గెలిపించాడు, ఒక నవల చదివి కంపెనీల మెడలు వంచి ఆహార చట్టాలు తెచ్చాడు, చట్టసభను పక్కనపెట్టి ఉత్తర్వులతో పాలించాడు, ఆయన దిగిపోగానే అంతా మళ్లీ మొదటికొచ్చింది. చివర్లో, మనకూ అలాంటి మొనగాడు కావాలన్న పిలుపు ఒకటి ఉంటుంది. ఆ పిలుపు సంగతి పంపినవారికే వదిలేసి, దానికి ముందున్న ఆరు వాదనలను మాత్రం ఒక్కొక్కటిగా చూస్తాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఆర్థిక వ్యవస్థ మీద ఫెడరల్ (అంటే కేంద్ర) ప్రభుత్వ అధికారాన్ని పెంచిన అధ్యక్షుల్లో రూజ్‌వెల్ట్ ముఖ్యుడన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ అధికారం ఏ రూపంలో పెరిగిందన్న దగ్గరే పేచీ అంతా. కంపెనీలను పగలగొట్టడం మీద కంటే, వాటి లెక్కలు చూడటానికి, రవాణా ఛార్జీలకు హద్దు గీయడానికి, సరుకును తనిఖీ చేయడానికి శాశ్వతమైన ప్రభుత్వ యంత్రాంగాన్ని నిలబెట్టడం మీదే ఆయన ఎక్కువ శక్తి ఖర్చుపెట్టాడు. ప్రచారంలో ఉన్న కథనం మొదటి పనిని ఆకాశానికెత్తి, రెండో పనిని దాదాపు మరిచిపోయింది.

కొన్ని ప్రతుల్లో బ్యాంకు డిపాజిట్ల బీమాను, వృద్ధాప్య పింఛనును కూడా ఈయన ఖాతాలోనే వేశారు. అవి 1930ల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో వచ్చినవి. ఫ్రాంక్లిన్ ఈయనకు దూరపు దాయాది. ఫ్రాంక్లిన్ భార్య ఎలినార్ మాత్రం ఈయన సొంత తమ్ముడి కూతురు. ఇంటిపేరు ఒకటే కావడంతో తెలుగులో ఈ ఇద్దరూ తరచు కలిసిపోతుంటారు.

మొదటి వాదన: “గుత్తాధిపత్య నిషేధ చట్టం రూజ్‌వెల్ట్ తెచ్చినదే.”

ఇది పూర్తిగా తప్పు. షెర్మన్ చట్టం మీద 1890 జూలై 2న సంతకం చేసిన అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్. అప్పటికి రూజ్‌వెల్ట్ సివిల్ సర్వీస్ కమిషన్‌లో ఒక సభ్యుడు మాత్రమే. ఆ బిల్లుకు సెనేట్‌లో ఒకే ఒక్క ఓటు వ్యతిరేకంగా పడింది. ప్రతినిధుల సభలో ఆ ఒక్కటి కూడా పడలేదు. రైళ్ల ఛార్జీలను చూసే అంతర్‌రాష్ట్ర వాణిజ్య కమిషన్ అంతకంటే ముందే, 1887లో, గ్రోవర్ క్లీవ్‌లాండ్ హయాంలో పుట్టింది.

చట్టం ఉన్నా అది ఎవరి మీద పనిచేసిందన్నదే ఆసక్తికరమైన ప్రశ్న. దేశంలో చక్కెర శుద్ధి వ్యాపారంలో దాదాపు 98 శాతాన్ని గుప్పిట్లో పెట్టుకున్న చక్కెర ట్రస్టు మీద ప్రభుత్వం కేసు వేస్తే, సరుకు తయారుచేయడం వేరు, వాణిజ్యం వేరు, రాజ్యాంగం ఫెడరల్ ప్రభుత్వానికి అధికారమిచ్చింది రాష్ట్రాల మధ్య వాణిజ్యం మీద మాత్రమే అంటూ 1895లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. అంతకు ముందటి ఏడాది పుల్‌మన్ రైల్వే సమ్మె మీద మాత్రం కింది కోర్టు అదే చట్టాన్ని ఆధారం చేసుకుని నిషేధాజ్ఞలు నిలబెట్టింది. కంపెనీల కోసం రాసిన చట్టం కార్మికుల మెడకు చుట్టుకున్నదన్న మాట. 1897లో సుప్రీంకోర్టు కొంత కఠినంగా మారి, రైలు కంపెనీలు కూడబలుక్కుని ఛార్జీలు నిర్ణయించుకోవడం చెల్లదని తీర్పిచ్చింది. దాని ఫలితం మరీ విచిత్రం. ఒప్పందాలు చేసుకుంటే నేరమైనప్పుడు ఏకంగా కలిసిపోతే సరిపోతుందని వ్యాపారులు గ్రహించారు. ఒక కంపెనీ ఇతర కంపెనీల వాటాలు కొనుక్కుని పెట్టుకోవడానికి న్యూజెర్సీ రాష్ట్రం తన చట్టంలో వీలు కల్పించి ఉండటంతో, హోల్డింగ్ కంపెనీలు ఒకదాని వెంట ఒకటి అక్కడ నమోదయ్యాయి.

రూజ్‌వెల్ట్ చేతికి వచ్చిన పరిస్థితి ఇది. 1901 సెప్టెంబరులో బఫలోలో హంతకుడి తూటాలకు విలియం మెకిన్లీ బలైపోగా, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆయన 42 ఏళ్ల వయసులో అధ్యక్షుడయ్యాడు. రెండు నెలలు తిరక్కుండానే నార్తర్న్ సెక్యూరిటీస్ కంపెనీ ఏర్పడింది. నార్తర్న్ పసిఫిక్ రైల్వే వాటాల కోసం ఆ ఏడాది మే నెలలో ఒక వైపు రైల్వే అధిపతి జేమ్స్ హిల్, బ్యాంకరు జె.పి. మోర్గాన్, మరో వైపు ఇంకో రైల్వే అధిపతి ఇ.హెచ్. హారిమన్ పోటాపోటీగా కొనుగోళ్లకు దిగితే, ఒక్కో వాటా ధర 1,000 డాలర్లకు ఎగబాకి మార్కెట్ మొత్తం కుదేలైంది. చివరికి కొట్లాడుకున్నవారే రాజీపడి, నార్తర్న్ పసిఫిక్, గ్రేట్ నార్తర్న్, బర్లింగ్టన్ రైల్వేలను 40 కోట్ల డాలర్ల మూలధనంతో ఒకే గొడుగు కిందికి తెచ్చారు. దానికి మొదట ఎదురుతిరిగింది రూజ్‌వెల్ట్ కాదు. మినసోటా రాష్ట్ర గవర్నరు శామ్యూల్ వాన్ శాంట్. 1902 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ ఎవరికీ ముందుగా చెప్పకుండా అటార్నీ జనరల్ ఫిలాండర్ నాక్స్ చేత ఫెడరల్ కేసు ప్రకటన చేయించినప్పుడు మోర్గాన్ వాషింగ్టన్ వచ్చి, మా వైపు తప్పేమైనా ఉంటే మీ మనిషిని మా మనిషి దగ్గరికి పంపండి, వాళ్లిద్దరూ సర్దేస్తారు అన్న ధోరణిలో మాట్లాడాడని రూజ్‌వెల్ట్ సన్నిహితుడొకరు తర్వాత రాశారు. ఫెడరల్ ప్రభుత్వాన్ని ఒక పోటీ వ్యాపార సంస్థలా చూడటం అప్పటికి ఎంత మామూలో ఈ ఒక్క మాటలోనే తెలుస్తుంది.

1904 మార్చి 14న సుప్రీంకోర్టు 5-4 తేడాతో కంపెనీని రద్దు చేసింది. తానే 1902లో నియమించిన జస్టిస్ హోమ్స్ విభేదించిన నలుగురిలో ఒకడు కావడం రూజ్‌వెల్ట్‌కు తీరని మంటగా మిగిలింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: రైళ్లు హిల్, మోర్గాన్ల చేతుల్లోంచి జారిపోలేదు. వాటాలు పాత దామాషాలో తిరిగి పంచగా వాళ్లిద్దరి పట్టే నిలిచింది; నష్టపోయానని కోర్టుకెక్కిన హారిమన్ ఓడిపోయాడు. ప్రయాణికుడికో రైతుకో ఛార్జీ తగ్గిన దాఖలా ఏదైనా ఉంటే అది ఈ తీర్పు వల్ల వచ్చినది కాదు. తీర్పు వల్ల మారింది సూత్రం. రాష్ట్రం ఇచ్చిన నమోదు పత్రాన్ని అడ్డం పెట్టుకుని హోల్డింగ్ కంపెనీ ఫెడరల్ చట్టం నుంచి తప్పించుకోలేదని తేలింది. మరుసటి ఏడాది మాంసం కంపెనీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, పశువు పొలంలో బయలుదేరిన దగ్గర్నుంచి మాంసం మరో రాష్ట్రంలో అమ్ముడయ్యేదాకా జరిగేదంతా ఒకే వాణిజ్య ప్రవాహమని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పు రాసింది హోమ్సే.

రెండో వాదన: “పెద్ద కంపెనీలంటే ఆయనకు గిట్టదు, ట్రస్టులన్నిటినీ ముక్కలు చేశాడు.”

ఏడున్నరేళ్లలో ఆయన ప్రభుత్వం గుత్తాధిపత్య చట్టం కింద వేసిన కేసులు 44. ఆయన తర్వాత వచ్చిన విలియం హోవర్డ్ టాఫ్ట్ నాలుగేళ్లలోనే అంతకు దాదాపు రెట్టింపు వేశాడు. ట్రస్టులను కూల్చినవాడన్న బిరుదు కేసుల లెక్కన ఇవ్వాల్సి వస్తే టాఫ్ట్‌కే చెందాలి. స్టాండర్డ్ ఆయిల్ మీద 1906 నవంబరులోనూ అమెరికన్ టొబాకో మీద 1907లోనూ కేసులు వేసింది రూజ్‌వెల్ట్ ప్రభుత్వమే అయినా, వాటిని విడదీస్తూ సుప్రీంకోర్టు తీర్పులు వచ్చింది 1911 మే నెలలో; అప్పటికి ఆయన పదవి దిగి రెండేళ్లు దాటింది.

గిట్టకపోవడం సంగతికొస్తే, ఆయన తన మొదటి వార్షిక సందేశంలోనే, 1901 డిసెంబరులో, వ్యాపార సంస్థలు కలిసి పెద్దవి కావడాన్ని నిషేధించకూడదని, పర్యవేక్షిస్తూ సమంజసమైన హద్దుల్లో అదుపు చేయాలని స్పష్టంగా చెప్పాడు. అన్నిటికంటే ముందు కావలసింది నిజాలు తెలియడమని, కంపెనీల లోపలి సంగతులు బయటపడాలని అదే సందేశంలో వాదించాడు. అందుకే 1903లో వాణిజ్య, కార్మిక శాఖను ఏర్పరచి, దానిలో కార్పొరేషన్ల బ్యూరోను పెట్టించాడు. ఆ బ్యూరోకు ఎవరినీ శిక్షించే అధికారం లేదు; కంపెనీల లెక్కలు అడిగి, చూసి, అధ్యక్షుడికి నివేదిక ఇవ్వడమే దాని పని. చదవడానికి ఇది చప్పగా ఉంటుంది కాబట్టే ప్రచార కథనాల్లో కనిపించదు. కానీ చమురు రవాణాలో స్టాండర్డ్ ఆయిల్ అందుకుంటున్న రహస్య ఛార్జీలను 1906లో బయటపెట్టింది ఈ బ్యూరో నివేదికే, కేసు పడింది దాని తర్వాతే.

ఆయన వేయని కేసులు కూడా అంతే సంగతి చెబుతాయి. 1901లో మోర్గాన్ 140 కోట్ల డాలర్ల మూలధనంతో నిలబెట్టిన యు.ఎస్. స్టీల్ ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతిపెద్ద కంపెనీ. రూజ్‌వెల్ట్ దాని జోలికి పోలేదు. అది బ్యూరోకు తన లెక్కలు చూపించడానికి ఒప్పుకుంది, ఆయనకు అది చాలింది. వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ మీద కేసుకు న్యాయశాఖ సిద్ధమవుతుంటే 1907లో ఆయనే పక్కన పెట్టించాడు. ఆ ఏడాది శరదృతువులో బ్యాంకులు కూలుతున్న సమయంలో, నవంబరు 4 ఉదయం, స్టాక్ మార్కెట్ తెరవకముందే యు.ఎస్. స్టీల్ తరఫున ఎల్బర్ట్ గేరీ, హెన్రీ క్లే ఫ్రిక్ శ్వేతసౌధానికి వచ్చారు. దివాలా అంచున ఉన్న ఒక బ్రోకరేజీ సంస్థను కాపాడాలంటే దాని చేతిలో ఉన్న టెనెసీ కోల్ అండ్ ఐరన్ వాటాలను తాము కొనక తప్పదని, గుత్తాధిపత్యం పేరుతో కేసు పడుతుందేమోనని అనుమానంగా ఉందని చెప్పారు. అభ్యంతరం చెప్పడం తన బాధ్యత అనుకోవడం లేదని ఆయన బదులిచ్చాడు. అలబామాలో విలువైన బొగ్గు, ఇనుప గనులున్న పోటీ సంస్థ ఆ విధంగా ఉక్కు ట్రస్టు ఒళ్లో పడింది. 1911లో టాఫ్ట్ ప్రభుత్వం యు.ఎస్. స్టీల్ మీద కేసు వేస్తూ ఈ కొనుగోలును కూడా తప్పుల చిట్టాలో చేర్చింది. అది తనను మోసపోయిన అమాయకుడిగా చూపిస్తోందని రూజ్‌వెల్ట్ మండిపడ్డాడు. 1912లో ఆ ఇద్దరు పాత స్నేహితులు ఒకరి మీద ఒకరు పోటీచేయడానికి దారితీసిన కారణాల్లో ఇది ఒకటి.

కంపెనీల సొమ్ము ముట్టనివాడన్న మాట కూడా కొన్ని ప్రతుల్లో చూశాను. 1904 ఎన్నికల్లో ఆయన ప్రచార నిధికి మోర్గాన్ ఒక్కడే లక్షన్నర డాలర్లు ఇచ్చాడు. ఆ విరాళాల గొడవ రచ్చకెక్కాకనే ఫెడరల్ ఎన్నికల్లో కార్పొరేషన్ల విరాళాలను నిషేధించే చట్టం 1907లో వచ్చింది. దాని మీద సంతకం చేసింది ఆయనే.

మూడో వాదన: “బొగ్గు గనుల మీదికి సైన్యాన్ని పంపి కార్మికులను గెలిపించాడు.”

సైన్యం కదలలేదు. 1902 మే 12న పెన్సిల్వేనియాలోని ఆంథ్రసైట్ (గట్టి రకం బొగ్గు) గనుల్లో దాదాపు లక్షా నలభై వేలమంది కార్మికులు సమ్మెకు దిగారు. తూర్పు తీరపు నగరాలు చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకునేది ఆ బొగ్గుతోనే కాబట్టి, అక్టోబరు వచ్చేసరికి సమస్య గనులను దాటి ప్రతి ఇంటి పొయ్యి దాకా వచ్చింది. గనులు చాలామటుకు రైలు కంపెనీలవే. వాటి తరఫున మాట్లాడిన జార్జ్ బేర్, దేశ ఆస్తిపాస్తులను దేవుడు ఎవరి చేతిలో పెట్టాడో ఆ క్రైస్తవ పెద్దమనుషులే కార్మికుల హక్కులు చూసుకుంటారన్న అర్థంలో ఒక ఉత్తరం రాసి దేశమంతా నవ్వులపాలయ్యాడు.

అక్టోబరు 3న రూజ్‌వెల్ట్ ఇరుపక్షాలనూ వాషింగ్టన్‌కు పిలిచాడు. అంతకు నెల రోజుల ముందు ఆయన బండిని ట్రాము ఢీకొనడంతో కాలికి గాయమై, చక్రాల కుర్చీలోనే కూర్చున్నాడు. అధ్యక్షుడు నియమించే కమిషన్ ఏం చెప్పినా కట్టుబడతామని కార్మిక నాయకుడు జాన్ మిచెల్ అంటే, యజమానులు ఆ మిచెల్‌తో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. అప్పుడు రూజ్‌వెల్ట్ గనులను సైన్యం చేత నడిపించే పథకం ఒకటి తయారుచేసి, విశ్రాంత సేనాని జాన్ స్కోఫీల్డ్‌ను సిద్ధంగా ఉండమన్నాడు. అది రాజ్యాంగం ముందు నిలుస్తుందన్న భరోసా ఎవరికీ లేదు. అమలు చేయాల్సిన అవసరం కూడా రాలేదు. యుద్ధశాఖ కార్యదర్శి ఎలిహు రూట్ న్యూయార్క్ వెళ్లి మోర్గాన్ ఓడలో కూర్చుని రాజీ రాయించాడు. ఏడెనిమిది నెలల కిందట ఎవరి కంపెనీ మీద కేసు వేశాడో ఆ మోర్గాన్ సాయంతోనే ఈ గండం గట్టెక్కిందన్నది మరిచిపోకూడదు.

రాజీలో ఒక వినోదం కూడా ఉంది. కమిషన్‌లో కార్మిక సంఘం మనిషి ఉండటానికి వీల్లేదని యజమానులు పట్టుబట్టారు, ఒక ప్రముఖ సమాజశాస్త్రవేత్త ఉండటానికి మాత్రం ఒప్పుకున్నారు. రూజ్‌వెల్ట్ రైల్వే కండక్టర్ల సంఘం నాయకుడు ఇ.ఇ. క్లార్క్‌ను ఆ సమాజశాస్త్రవేత్త స్థానంలో కూర్చోబెడితే ఎవరూ నోరు మెదపలేదు. 1903 మార్చిలో కమిషన్ కూలి పది శాతం పెంచి, చాలామందికి పనివేళను తొమ్మిది గంటలకు తగ్గించింది. కార్మిక సంఘానికి గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. దీన్ని గెలుపంటారో సగం గెలుపంటారో చదివినవారే తేల్చుకోవచ్చు. చరిత్రలో దీని స్థానం వేరే చోట ఉంది. 1877లో అధ్యక్షుడు హేస్, 1894లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సమ్మెలను అణచడానికి ఫెడరల్ సైనికులను వాడారు. ఈసారి ఫెడరల్ ప్రభుత్వం ఇరుపక్షాల మధ్య పెద్దమనిషిగా కూర్చుంది. ఒక ప్రైవేటు పరిశ్రమలో కూలి ఎంతన్నది దేశ ప్రభుత్వానికి సంబంధించిన విషయమేనన్న భావన అక్కడ నాటుకుంది.

నాలుగో వాదన: “ఒక నవల చదివి, కంపెనీల మెడలు వంచి ఆహార చట్టాలు తెచ్చాడు.”

అప్టన్ సింక్లెయిర్ షికాగో కబేళాల మీద రాసిన నవల 1906 ఆరంభంలో పుస్తకంగా వచ్చి జనాన్ని కుదిపేసిన మాట నిజమే. తాను గుండెకు గురిపెడితే దెబ్బ కడుపుకు తగిలిందని రచయితే వాపోయాడు. ఆయన రాసింది కార్మికుల బతుకు గురించి, పాఠకులు భయపడింది తమ పళ్లెంలోని మాంసం గురించి. అయితే ఆ ఏడాది జూన్ 30న సంతకాలు పడిన రెండు చట్టాల్లో ఆహార, ఔషధ శుద్ధతకు సంబంధించిన దాని వెనక వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ ఏళ్ల తరబడి చేసిన పోరు ఉంది. నిల్వ కోసం ఆహారంలో కలిపే రసాయనాలను యువ వాలంటీర్లకు తినిపించి ఫలితాలు చూసే ప్రయోగాలు ఆయన 1902లోనే మొదలుపెట్టాడు.

మాంసం తనిఖీ చట్టం విషయంలో మెడలు ఎవరివి ఎంత వంగాయో చూడాలి. రూజ్‌వెల్ట్ నవలను నమ్మి ఊరుకోలేదు. చార్లెస్ నీల్, జేమ్స్ రేనాల్డ్స్ అనే ఇద్దరిని షికాగో పంపి నివేదిక తెప్పించుకున్నాడు. దాన్ని వెంటనే అచ్చువేయకుండా, బిల్లు అడ్డుకుంటే బయటపెడతానని బెదిరింపుగా దగ్గర పెట్టుకుని, చివరికి జూన్‌లో కొంత భాగం విడుదల చేశాడు. ఆ పాటికి యూరప్‌లో అమెరికన్ మాంసం అమ్మకాలు పడిపోతున్నాయి. ప్రభుత్వ ముద్ర ఉంటే సరుకు మళ్లీ నమ్మకంగా అమ్ముడవుతుందని పెద్ద కంపెనీలకు అర్థం కావడంతో, వాళ్ల పోరాటం తనిఖీ వద్దనడం నుంచి తనిఖీ ఖర్చు ఎవరిదన్న దానికి మారింది. సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ ఖర్చు కంపెనీల మీద వేయాలన్నాడు, డబ్బాల మీద తేదీ ఉండాలన్నాడు. చట్టంలో రెండూ లేవు. ఏడాదికి 30 లక్షల డాలర్లు ఖజానా నుంచి ఇవ్వడానికి రూజ్‌వెల్ట్ ఒప్పుకున్నాడు. చిన్న కబేళాలతో పోటీలో ప్రభుత్వ ముద్ర పెద్దవాటికే లాభించింది కూడా. అయినా దేశంలో రాష్ట్రాల మధ్య అమ్మే ప్రతి మాంసం ముక్క దగ్గరా ఫెడరల్ తనిఖీదారు నిలబడటం అన్నది అంతకు ముందు ఊహించనిది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఇవాళ దుకాణంలో కొనే మాంసం ప్యాకెట్ మీది గుండ్రటి వ్యవసాయ శాఖ ముద్ర ఆ చట్టం వారసత్వమే.

ఐదో వాదన: “చట్టసభను పక్కనపెట్టి ఉత్తర్వులతో పాలించాడు.”

అడవుల విషయంలో ఇది చాలావరకు నిజం. అధ్యక్షుడు ప్రజల ధర్మకర్త లాంటివాడని, రాజ్యాంగమో చట్టమో వద్దనని ప్రతి పనీ చేయవచ్చని ఆయన సిద్ధాంతం. చట్టం ఇవ్వని అధికారం అధ్యక్షుడికి లేదన్నది టాఫ్ట్ వాదన. 1907లో పశ్చిమాన ఆరు రాష్ట్రాల్లో కొత్త అటవీ రిజర్వులు ప్రకటించకుండా కాంగ్రెస్ ఒక నిబంధన పెడితే, (ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, అక్కడి చట్టసభ) ఆ బిల్లు మీద సంతకం పెట్టే ముందు అటవీ శాఖ అధిపతి గిఫర్డ్ పించో చేత జాబితాలు తయారు చేయించి, కోటీ అరవై లక్షల ఎకరాలను రిజర్వులుగా ప్రకటించి, ఆ తర్వాతే సంతకం చేశాడు. కానీ అది ప్రభుత్వ భూమి. ప్రభుత్వం తన భూమిని ఏం చేసుకుంటుందన్నది ఒక సంగతి, ప్రైవేటు కంపెనీ తన సరుకుకు ఎంత వసూలు చేయాలో చెప్పడం మరో సంగతి. రెండోదాన్ని ఉత్తర్వులతో చేయడం ఆయనకు సాధ్యం కాలేదు. దానికి కాంగ్రెస్ గడప తొక్కాల్సి వచ్చింది, అక్కడ బేరాలాడాల్సి వచ్చింది. 1906 నాటి హెప్‌బర్న్ చట్టం కథ ఇదే. నా లెక్కలో ఆయన చేసిన అతిపెద్ద పని కూడా ఇదే కాబట్టి కాస్త నిలబడి చూడటం మంచిది.

ఆ రోజుల్లో రైలు ఛార్జీ అంటే రైతు ఇంటికి మిగిలేదెంతో తేల్చే లెక్క. పోటీ ఉన్న రెండు పెద్ద నగరాల మధ్య దూర ప్రయాణానికి ఛార్జీ తక్కువ, ఒకే రైలు వచ్చే చిన్న ఊరి నుంచి దగ్గర ప్రయాణానికి ఎక్కువ. స్టాండర్డ్ ఆయిల్ లాంటి పెద్ద ఖాతాదారులకు చాటుగా రాయితీలు. 1887లో పుట్టిన అంతర్‌రాష్ట్ర వాణిజ్య కమిషన్‌కు ఇవన్నీ చూసే బాధ్యత ఉన్నా, ఛార్జీ నిర్ణయించే అధికారం దానికి లేదని సుప్రీంకోర్టు 1897లో తేల్చేసింది. ఆ కాలంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన 16 ఛార్జీల కేసుల్లో కమిషన్ 15 ఓడిపోయింది. 1903 నాటి ఎల్కిన్స్ చట్టం రాయితీలను నిషేధించింది కానీ, దాన్ని రైలు కంపెనీలే కోరుకున్నాయి. పెద్ద ఖాతాదారులు మెడమీద కత్తిపెట్టి గుంజుకుంటున్న రాయితీల నుంచి తప్పించుకోవడానికి వాటికి చట్టం ఒక సాకు అయింది. ఈ చట్టం కింద 1907లో ఇండియానా స్టాండర్డ్ ఆయిల్‌కు ఒక జడ్జి 2,92,40,000 డాలర్ల జరిమానా వేస్తే పత్రికలు పండగ చేసుకున్నాయి. మరుసటి ఏడాది అప్పీలులో అది ఎగిరిపోయింది.

హెప్‌బర్న్ బిల్లు ప్రతినిధుల సభలో 346-7తో గట్టెక్కింది. సెనేట్‌లో రూజ్‌వెల్ట్ సొంత పార్టీ నాయకుడు నెల్సన్ ఆల్డ్రిచ్ దాన్ని ఇరకాటంలో పెట్టడానికి ఒక ఎత్తు వేశాడు. ప్రతిపక్ష డెమొక్రాట్ బెంజమిన్ టిల్‌మన్‌కూ రూజ్‌వెల్ట్‌కూ మాటల్లేవని అందరికీ తెలుసు. ఆ టిల్‌మన్‌నే బిల్లును సభలో నడిపించే మనిషిగా పెట్టించాడు. నెలల తరబడి చర్చంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: కమిషన్ నిర్ణయాన్ని కోర్టు ఎంత లోతుగా తిరగదోడవచ్చు? రూజ్‌వెల్ట్ మొదట కోర్టుల జోక్యాన్ని బాగా కుదించాలనుకున్నాడు, ఓట్లు చాలవని తెలిశాక ఆ హద్దులను కోర్టులకే వదిలేసే సవరణకు తలూపాడు. తమను నట్టేట వదిలేశాడని తీవ్ర సంస్కరణవాదులు తిట్టారు. బిల్లు 71-3తో నెగ్గింది.

అందులో ఏముందో చూస్తే ఆ రాజీ ఎంత చవకో తెలుస్తుంది. సరుకుదారు ఫిర్యాదు మీద కమిషన్ గరిష్ఠ ఛార్జీని నిర్ణయించవచ్చు. కోర్టు ఆపితే తప్ప ఆ ఆదేశం అమల్లో ఉంటుంది. ఇంతకు ముందు కమిషనే కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ భారం రైలు కంపెనీ మీద పడింది. చమురు పైపులైన్లు, పార్సిల్ కంపెనీలు, స్లీపర్ బోగీలు కూడా కమిషన్ కిందికి వచ్చాయి. అన్నిటికంటే తక్కువ మంది పట్టించుకున్న నిబంధన ఇంకొకటుంది: రైలు కంపెనీలన్నీ కమిషన్ చెప్పిన ఒకే పద్ధతిలో లెక్కలు రాయాలి, వేరే ఖాతా పుస్తకం ఉంచకూడదు. ఎవరి లాభమెంతో తెలియకుండా ఏ ఛార్జీ న్యాయమో తేల్చడం కుదరదు కదా. 1901 సందేశంలో అడిగిన నిజాలు తెలియడమన్నది ఐదేళ్లకు ఈ రూపంలో చట్టమైంది.

ఆరో వాదన: “ఆయన దిగిపోగానే అంతా మళ్లీ మొదటికొచ్చింది.”

జరిగింది దాదాపు దీనికి తలకిందులు. 1910లో మాన్-ఎల్కిన్స్ చట్టం కమిషన్‌కు మరిన్ని కోరలిచ్చింది. కార్పొరేషన్ల బ్యూరో 1914 చట్టంతో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌లో కలిసిపోయి, ఇప్పటికీ ఆ రూపంలో బతికే ఉంది. వైలీ నడిపిన రసాయన విభాగం నుంచే నేటి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పుట్టింది. 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ట్రేడ్ కమిషన్‌ను ఏర్పరిచేనాటికి, రెండేళ్ల కిందటి ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఏ పర్యవేక్షణ కమిషన్ కోసం వాదిస్తే విల్సన్ వ్యతిరేకించాడో దానికే విల్సన్ చాలావరకు వచ్చి చేరాడు.

ఆయన చేయనివి కూడా అంతే ముఖ్యం. దిగుమతి సుంకాల జోలికి పోలేదు. ఆదాయపు పన్నుకు దారి 1913 రాజ్యాంగ సవరణతో గానీ తెరుచుకోలేదు. కేంద్ర బ్యాంకు లేకపోవడం వల్లనే 1907 సంక్షోభంలో దేశం మోర్గాన్ గ్రంథాలయంలో జరిగిన అర్ధరాత్రి చర్చల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఆ లోటు విల్సన్ కాలంలో తీరింది.

ఇక నార్తర్న్ సెక్యూరిటీస్ సంగతి. 1904లో సుప్రీంకోర్టు విడదీసిన నార్తర్న్ పసిఫిక్, గ్రేట్ నార్తర్న్, బర్లింగ్టన్ రైల్వేలు 1970లో బర్లింగ్టన్ నార్తర్న్ పేరుతో ఒకే కంపెనీ అయ్యాయి. రూజ్‌వెల్ట్ బలపరిచి వెళ్లిన అంతర్‌రాష్ట్ర వాణిజ్య కమిషన్ ఏళ్ల తరబడి లెక్కలు చూసి, షరతులు పెట్టి, ఆ విలీనానికి అనుమతి ఇచ్చింది.